పాత పలకరింపు

ఈ పొలుసు మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చి పడిందో, ఇంత ఇంట్లో దానికి ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా నా లాప్‌టాప్ ఎంటర్ మీట మీదే అంటుకుంది, గోటితో గీరినా రావడం లేదు, అమ్మ వాకిట్లో కత్తిపీట ముందేసుకుని ఎవరో పురమాయించిన పండుగప్ప చేపని బాగుచేస్తుంటే పొలుసులు గుమ్మం దాటి లోపలికి ఎగిరొస్తున్నాయి, అమ్మా కాస్త అటు తిరిగి కూర్చోవే అంటే నీ మిషనుకేం కాదులే, చేపలమ్మి కొన్నదేగా, దానికి మాత్రం నీచు తగలకూడదా అంటుంది, మా అమ్మ కొండమ్మతో వాదించి గెలిచినవాళ్ళు బందరు రేవులో ఎవరూ లేరు, సరే పొలుసుని అలాగే ఉండనీ, దాన్ని తోస్తే నా వేలు మీట మీద పడుతుంది, వేలు పడితే నేను పొద్దుటినుంచీ నొక్కకుండా ఆపుకుంటున్నది నొక్కుకుపోతుంది, నొక్కుకుపోతే మా తమ్ముడి ఫోను ఇంకెప్పటికీ మా సర్వరుతో మాట్లాడలేదు.

మాట్లాడితేగా, అని నాలోపల ఒక పాపిష్టిది అంటుంది, పోయినేడు కార్తీకంలో నీళ్ళలోకి వెళ్ళిన ఫోను ఇప్పుడు మాట్లాడుతుందా అంటుంది, నోర్ముయ్యవే అని దాన్ని నేనే కసురుకుంటాను, వాడు ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకునేవాడు, ఆ సంగతి నాకు తెలుసు, అద్దమంతా పగిలిన ఆ పాత ఫోన్లో మా కంపెనీ రేవు కబురు యాప్ ఎక్కించింది నేనే, మ్యాపు మీద మొట్టమొదటి చుక్క వాడి పడవదే, అక్కా నేను కనబడుతున్నానా, ఇప్పుడు ఎటెళ్తున్నానో చెప్పు చూద్దాం అని ఫోను చేసి గిలకలదిండి కాలవలో అటూ ఇటూ పడవ తిప్పేవాడు, ఒరేయ్ కళ్యాణ్ కొత్త ఫోను కొనుక్కోరా, ఇది మా సర్వర్ని పాత పద్ధతిలో పలకరిస్తోంది, రేపో మాపో ఆ పద్ధతి తీసేస్తాం అంటే, సర్వరంటే ఇడ్లీ తెచ్చేవాడు కదక్కా, ఆడికి పలకరింపులు కూడా కావాలా అని నవ్వేవాడు, వెధవ, అయినా వాడన్నది మరీ తప్పేం కాదు, వెబ్ సర్వరు చేసేదీ అదే, గుమ్మం దగ్గర నిలబడి ఎవరొచ్చి ఏదడిగితే అది ఇచ్చి పంపిస్తుంది, పడవ మీది ఫోను నేనిక్కడున్నాను, వాతావరణం ఎలా ఉంది అని అడిగితే గాలి లేస్తోంది ఒడ్డుకి వచ్చెయ్యండి అని చెబుతుంది, కాకపోతే చెప్పేముందు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుని, మధ్యలో ఎవరూ వినకుండా గుట్టుగా మాట్లాడుకోవడానికి ఒప్పందం చేసుకుంటారు, ఆ పలకరింపుల్లో పాతదీ కొత్తదీ ఉన్నాయి, రేవులో పడవలన్నీ కొత్త ఫోన్లకి మారిపోయాయి, మమ్మల్ని పాత పద్ధతిలో పలకరించాల్సిన ఫోను ఒక్కటే మిగిలింది, అది ఎక్కడుందో సముద్రానికి తెలియాలి, ఆ ఒక్క ఫోను కోసం నేను సర్వర్లో పాత గుమ్మం తీసి ఉంచాను.

ఆ గుమ్మానికే చిల్లు పడింది, మా కంపెనీ నడిపే గోవర్ధనరావు సారు గుడివాడ ఆఫీసు నుంచి ఫోను చేసేసరికి నేనింకా పళ్ళు తోముకుంటున్నాను, ఏమ్మా సాయిదుర్గా, సర్వరు పడిపోతూ లేస్తూ ఉంది చూశావా, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు హెచ్చరిక పెట్టారు, పాత పలకరింపుని చదివే కోడ్‌లో లోపం ఉందట, కావాలని ఒక దొంగ పలకరింపు పంపితే చాలు సర్వరు కుప్పకూలుతుందట, అప్పుడే ఎవడో మన మీద మొదలెట్టాడు, మనకెందుకమ్మా ఇంకా ఆ పాతది, కొత్త వెర్షన్లో దాన్ని మొత్తానికే పీకేశారు, అది ఎక్కించెయ్యి అన్నారు, సారు ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినాయన, ఏం చెప్పినా బోర్డు మీద రాస్తున్నట్టే చెబుతారు, అలాగే సార్, కాకపోతే పాత ఫోన్లు ఇంకా ఉన్నాయి అన్నాను, అని, పాతది పీకకుండా ఆ లోపం ఒక్కటే సరిచేద్దామని కూర్చున్నాను, మామూలు రోజైతే పడితే పడింది, మళ్ళీ లేపుకుంటాం, ఇవాళ అలా కుదరదు, నిన్నటిదాకా ఒరిస్సా వైపు పోతుందన్న వాయుగుండం ఇటు తిరిగిందని తెల్లారాక కబురొచ్చింది, అప్పటికే పడవలు వెళ్ళిపోయాయి, ఫైబర్ బోట్లు మరీ దూరం పోవు, సిగ్నలు ఒకసారి అందుతుంది ఒకసారి పోతుంది, అందిన ఆ కాస్తలో ఫోను వచ్చి సర్వర్ని అడుగుతుంది, అప్పుడు సర్వరు లేచి ఉంటేనే కబురు అందుతుంది, పడి ఉంటే ఏమీ అందదు, ఆ పడవలవాళ్ళు ఆకాశం తెరిపిగానే ఉంది కదా అనుకుని ఇంకో వల వేస్తారు, ఆ పడవల్లో ఒకదాంట్లో మా నాన్న పోతయ్య ఉన్నాడు, సొంత పడవ తమ్ముడితోనే పోయింది, ఇప్పుడు వేరేవాళ్ళ పడవ ఎక్కుతున్నాడు.

నేనేం చేతకానిదాన్ని కాదు, లోపం ఎక్కడుందో చూడగానే తెలిసింది, వచ్చినవాడు మొదట నేను చెప్పబోయే మాట ఇంత పొడుగు అంటాడు, సర్వరు అది నమ్మి అంత చోటు సిద్ధం చేసుకుంటుంది, వాడు అన్నదానికన్నా ఎక్కువ తోస్తాడు, అది పొర్లి పక్కనున్నవాటి మీద పడి అన్నీ చెరిగిపోతాయి, సర్వరు కూలుతుంది, పాపం నమ్మడం ఒక్కటే అది చేసిన తప్పు, నేను అక్కడ ఒక కాపలా పెట్టాను, చెప్పినంతే ఉంటే లోపలికి రా, ఎక్కువుంటే బయటికి పో, పరీక్ష పెట్టి చూశాను, నిలబడింది, సర్వర్లోకి ఎక్కించాను, నిలబడింది, అమ్మయ్య అనుకుని టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో మళ్ళీ కూలింది, వాడెవడోగానీ అదే పాత కోడ్‌లో ఇంకో పక్కనుంచి వచ్చాడు, అదీ మూశాను, మరో సందులోంచి వచ్చాడు, వీడి చేతులు విరగ, వీడికి తల్లీ చెల్లీ లేరా, ఏ దేశంలో కూర్చున్నాడో, బందరు పడవల మీది ఫోన్లతో వీడికేం పని, ఏమీ ఉండదు, అదే నా కడుపుమంట, మా పేరు కూడా వాడికి తెలియదు, వాడి మిషను ఊరికే లోకంలో ఉన్న తలుపులన్నీ తట్టుకుంటూ పోతుంది, ఏది కదిలితే దాన్ని తోస్తుంది, ఆ పాత కోడ్ రాసినవాళ్ళు ఎప్పుడో రాసి వదిలేశారు, తరువాత ఎవరూ దాని మొహం చూడలేదు, ఒకచోట మట్టి మెత్తుతుంటే ఇంకోచోట రాలుతోంది, గుడివాడ నుంచి సునీత మెసేజీ పెట్టింది, నా పక్క సీటు అమ్మాయి, దుర్గా ఏంటే నువ్వు చేస్తున్నది, పీకి పారెయ్యాల్సినదానికి అతుకులేస్తున్నావు, పాత ఫోన్లు ఇంకా ఉన్నాయని సారుకి చెప్పావంట, ఎన్నున్నాయే, అని, కొన్ని ఉన్నాయి అని పెట్టాను.

సునీతకి తెలియదు, ఎవరెవరు వచ్చి పలకరించారో వరుసగా పడే లాగ్‌లో పాత పలకరింపు అని ఒక వరుస కనబడిన ప్రతిసారీ వాడేనేమో అనుకుంటాను, ఎక్కడినుంచి వచ్చిందో చూసేదాకా ఆ ఒక్క క్షణం వాడు బతికే ఉంటాడు, ఎదురుమొండి దీవి మీద ఏ పాకలోనో, ఏ ఓడవాళ్ళో ఎక్కించుకుపోయిన ఏ దేశంలోనో, ఫోను ఆరబెట్టి ఛార్జింగ్ పెట్టి ఉంటాడు, అక్కా నేను కనబడుతున్నానా అంటాడు, చూస్తే ఎవడో దొంగ, మళ్ళీ చూస్తే మళ్ళీ దొంగ, ఏడాదిగా ఇదే, అన్నం మధ్యలో లేచి ఎంగిలి చేత్తో చూసుకుంటాను, పడవ బోల్తాపడితే వాడితో వెళ్ళిన ఇద్దరూ ఐసు పెట్టె పట్టుకుని తేలారు, నాగాయలంక వైపు పడవలవాళ్ళు వాళ్ళని లాక్కొచ్చారు, కళ్యాణ్ డీజిలు క్యాను పట్టుకున్నాడు, అల అడ్డమొచ్చింది, ఆ తరువాత కనబడలేదు అన్నారు, కనబడకపోతే పోయినట్టేనా, కళ్ళు సరిగ్గా పెట్టుకుని చూశారా మీరు అని పాపం బతికొచ్చినవాళ్ళతో నేను పోట్లాడాను, దివిసీమ అంతా తిరిగాం, హంసలదీవి ఇసుకలో నాన్న ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్రతి చెప్పునీ తిప్పి చూసేవాడు, తిప్పి చూసి మళ్ళీ జాగ్రత్తగా కింద పెట్టేవాడు, వాడు దొరకలేదు, దొరకలేదు కాబట్టి దినం చెయ్యలేదు, ఫోటోకి దండ వెయ్యలేదు, నేను వెయ్యనివ్వలేదు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది, సముద్రం మీదికి వెళ్ళిన మనిషి కంచం కడిగి గూట్లో వెల్లకిలా పెడతారు, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి అందులో అన్నం తినేదాకా దాన్ని బోర్లించరు, నాయనమ్మ నాటినుంచీ అంతే, చిన్నప్పుడు తెలియక నాన్న కంచం బోర్లిస్తే అమ్మ నా వీపు చీరేసింది, కళ్యాణ్ కంచం ఇప్పటికీ వెల్లకిలానే ఉంది, అమ్మ రోజూ దాని దుమ్ము తుడిచి మళ్ళీ అలాగే పెడుతుంది, పెట్టి నా దగ్గరకొచ్చి ఏమే, ఏమన్నా వచ్చిందా అని అడుగుతుంది, ఇంకా లేదమ్మా, గుమ్మం తీసే ఉంచాను అంటాను, సర్లే, లేచి అన్నం తిను అంటుంది, ఆ ఒక్క ప్రశ్న కోసమే నేనీ గుమ్మం మూయనిది, ఒకరోజు అమ్మ వచ్చి ఏమన్నా వచ్చిందా అంటే, రావడానికి ఇంక దారి లేదమ్మా అని ఏ నోటితో చెప్పను, అమ్మ ఆశ నా చేత్తో తుంచలేను, వాడి బట్టలు కూడా అలాగే ఉంచింది, ఒక్క పచ్చగళ్ళ చొక్కా మాత్రం దండెం మీద కనబడకుండా పోయింది, అమ్మానాన్నా చల్లపల్లిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళొచ్చిన రోజుల్లోనే అనుకుంటాను, చొక్కా ఏదమ్మా అంటే పెట్టెలో పెట్టానులే, ఎండకి వెలిసిపోతంది అంది, మంచిపని చేసింది అనుకున్నాను, వాడొచ్చాక వేసుకోవాలిగా.

గాలి మారింది, ఇందాకటిదాకా సముద్రం వైపు నుంచి వస్తున్నది ఇప్పుడు ఉత్తరం నుంచి కొడుతోంది, పక్కింటి రేకు టపటపమంటోంది, సర్వరు మళ్ళీ పడింది, లేపాను, మళ్ళీ పడింది, మళ్ళీ సారు ఫోను, ఈసారి గొంతులో పాఠం లేదు, పాత ఫోన్లు ఎన్నున్నాయమ్మా, నిజం చెప్పు, ఒకటి సార్, ఎవరిదమ్మా, మా ఇంట్లోదే సార్ అన్నాను, ఆఫీసులో ఫ్యాను కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది, ఆయనకి అర్థమైందని నాకు అర్థమైంది, నీకు కష్టమైతే సునీత చేస్తుందిలేమ్మా, నువ్వు కాసేపు లేచి బయట తిరుగు అన్నారు, ఆ మెత్తదనానికి నాకు ఒళ్ళు మండిపోయింది, మా తమ్ముడి గుమ్మం ఇంకొకళ్ళు మూస్తే చూస్తూ కూర్చుంటానా, వద్దు సార్, నేనే చేస్తాను అన్నాను, అయితే చెయ్యమ్మా, పడవలు అడుగుతున్నాయి, మనం పలకడం లేదు అని పెట్టేశారు, పడవలు అడుగుతున్నాయి, నాన్న ఫోను పొద్దున రేవు దాటేటప్పుడు ఒకసారి అడిగింది, ఆ తరువాత లాగ్‌లో లేదు, అడగలేదని ఎలా అనుకోను, అడిగే ఉంటుంది, మేం పడి ఉన్నప్పుడు అడిగి, జవాబు లేక వెళ్ళిపోయి ఉంటుంది, నేరుగా నాన్నకి ఫోను చేస్తే పరిధిలో లేరంటుంది, మళ్ళీ చేసినా అదే ఆడగొంతు అదే మాట, నేనొకదాన్ని, ఎప్పటికైనా అడుగుతాడేమోనని ఒకడి కోసం గుమ్మం పట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు అడుగుతున్నవాళ్ళకి జవాబు చెప్పలేకుండా ఉన్నాను, కొత్త వెర్షన్ పొద్దున్నే దించేశాను, కమాండు అప్పుడే రాసి పెట్టాను, ఇంక మీట నొక్కడమే, దాని మీద పొలుసు మెరుస్తోంది, వేలు రానంటోంది.

అమ్మా అని అరిచాను, ఎందుకు అరిచానో నాకే తెలియదు, అమ్మ చేతుల నిండా నీచుతో గుమ్మంలోకి వచ్చింది, ఏమే, ఏమన్నా వచ్చిందా, అదే మాట, రోజూ అడిగినట్టే, నాకు దుఃఖం పొంగుకొచ్చింది, ఏం రాలేదే, ఇంకేం రాదు, ఇప్పుడిది నొక్కితే తమ్ముడి ఫోను ఇంక మనతో మాట్లాడలేదు, నొక్కకపోతే నాన్న పడవకి కబురు పోదు, నేనేం చెయ్యనమ్మా, అని చిన్నపిల్లలా ఏడ్చేశాను, అమ్మ గుండెలు బాదుకుంటుందనుకున్నాను, వద్దు అంటుందనుకున్నాను, వద్దంటే ఏం చేస్తానో ఆలోచించడానికి కూడా భయమేసింది, అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది, నొక్కవే అంది, దానికోసమా పొద్దుటినుంచి ఇట్టా బిగుసుకుపోయి కూర్చున్నావ్, నొక్కు, మీ నాన్న నీళ్ళ మీదున్నాడే పిచ్చిమొద్దూ, అని నా తల మీద చెయ్యి పెట్టింది, చేప వాసన, తడి చెయ్యి, నేను నొక్కాను, ఒరేయ్ కళ్యాణ్ అనుకుంటూ నొక్కాను, పొలుసు వేలికి అంటుకుని వచ్చేసింది.

తెర మీద వరుసలు గబగబా పైకి పోతున్నాయి, పాతది ఆగింది, కొత్తది లేచింది, ఎంత తేలికగా అయిపోయింది, ఏడాది పట్టుకున్నది ఇంత తేలికగా పోతుందా, దొంగ వెంటనే వచ్చాడు, పాత పలకరింపు పలికాడు, ఈ పద్ధతి ఇక్కడ లేదు అని సర్వరు ఒక్క మాట చెప్పి పంపేసింది, కూలలేదు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే మాట, ఇకమీదట కళ్యాణ్ వచ్చినా వాడికీ ఇదే మాట చెబుతుంది, అది తలచుకుని నోట్లో చెంగు కుక్కుకున్నాను, పడవలు ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి, మా రేవు గణపతి పడవ అడిగింది, కబురు తీసుకుంది, పల్లెపాలెం వాళ్ళవి అడిగాయి, తీసుకున్నాయి, నాన్నది లేదు, అమ్మ నా పక్కన నేల మీద కూలబడి తెర వంక చూస్తోంది, అమ్మకి అందులో ఏం తెలుస్తుంది, అయినా చూస్తోంది, చూస్తూ చూస్తూ నా వైపు తిరక్కుండానే అంది, ఆడి చొక్కా పెట్టెలో లేదే.

ఏంటమ్మా అన్నాను, చల్లపల్లిలో పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు, నేనూ మీ నాన్నా హంసలదీవి ఎల్లాం, కిష్ణమ్మ సముద్రంలో కలిసేకాడ పంతులు గారు నీళ్ళు వదిలించారు, ఆడి చొక్కా వదిలేసొచ్చాం, నువ్వు తట్టుకోలేవని చెప్పలా అంది, నాకు ముందు కోపమే వచ్చింది, ఏడుపు కాదు కోపం, నేను వాడి అక్కని కానా, నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్ళి వదిలేసొస్తారా, వాడు లేడని మీకెవరు చెప్పారు అని అరిచాను, ఒకళ్ళు చెప్పాలా ఏంటే, కన్నదాన్ని, నాకు తెలీదా అంది, చిన్నగా అంది, అరిచినా బాగుండేది, మరి రోజూ ఏమన్నా వచ్చిందా అని ఎందుకడుగుతావు, నీ కోసమేగా నేను ఆ గుమ్మం తీసి పెట్టుకుని చస్తున్నది, అంటే అమ్మ నా మొహం వంక అప్పుడు చూసింది, అట్టా అడక్కపోతే నువ్వసలు నోరిప్పుతావా, పొద్దుగూకులూ దాంట్లోకే చూస్తా కూర్చుంటావ్, అడిగితే ఆ ఒక్క ముక్కన్నా మాట్లాడతావ్, ఆనక రెండు ముద్దలు తింటావ్, మరి ఆ కంచం, కంచమెందుకు ఇంకా అలా పెట్టావు, బోర్లిస్తే నువ్వు ఊరుకుంటావా, ఇల్లు పీకి పందిరేస్తావ్, నువ్వు చూస్తావనే తుడిచి పెడతన్నా, మీ నాన్న వద్దు వద్దంటానే ఉన్నాడు, ఈ పిల్లని ఇట్టా మభ్యపెట్టటం పాపమే అని, నేనే పడనివ్వలా, దానంతటది తెలుసుకోనియ్యి అన్నా, అంది, చెంగుతో ముక్కు చీదుకుంది.

పోతయ్య అని తెర మీద పడింది, నేను చూడలేదు, అమ్మే చూసింది, చదువు రాకపోయినా మా నాన్న పేరు ఆకారం అమ్మకి తెలుసు, అదుగో అంది, కొత్త పలకరింపు, కబురు అందింది, కాసేపు చుక్క కదల్లేదు, వల లాగుతున్నాడేమో, ఏంటయ్యా ఆ వల వదిలెయ్యొచ్చుగా అని అమ్మ తెరని తిడుతోంది, తరువాత కదిలింది, రేవు వైపు తిరిగింది, నేనూ అమ్మా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం, నాన్న వస్తున్నందుకు ఏడ్చామో వాడు రానందుకు ఏడ్చామో విడదీసి చెప్పలేను, ఇద్దరం కలిసి వాడి కోసం ఏడవడం ఇదే మొదలు, ఇవాళ్టిదాకా ఏడాదిలో ఒక్కసారి కూడా అమ్మ నా ముందు ఏడవలేదు, నేను అమ్మ ముందు ఏడవలేదు, ఒకళ్ళకొకళ్ళం దాచుకుని ఎంత నటించాం, ఈ ఇంట్లో ఎంత కష్టపడ్డాం.

వాన మొదలైంది, అమ్మ పండుగప్ప గిన్నె లోపల పెట్టి తలుపు ఓరగా వేసింది, సునీత మెసేజీ పెట్టింది, నిలబడిందే, ఇంక పడదు అని, అమ్మ గూట్లోంచి కళ్యాణ్ కంచం తీసింది, నేను చూస్తూనే ఉన్నాను, వద్దనలేదు, అందులో అన్నం పెట్టి పొద్దుటి పులుసు పోసి నా ముందు పెట్టింది, తిను, మీ నాన్నొచ్చేలోపు నువ్వు తింటే ఆయనకి పెట్టుకుంటాను అంది, తిన్నాను, లేచి చూసుకోవడానికి ఇంక లాగ్‌లో ఏమీ లేదు, ఎవరు తలుపు తట్టినా అది వాడు కాదని నాకు తెలుసు, చివరిదాకా తిన్నాను, ఎన్నాళ్ళకో కూర్చున్నచోటే తిన్నాను, అమ్మ పక్కనే కూర్చుని నేను తినడం చూసింది, వాన చప్పుడులో ఎక్కడో దూరంగా పడవ ఇంజను వినబడుతోంది, నాన్నదో కాదో, కంచం కడిగాను, గూటి దగ్గర నిలబడ్డాను, తిరిగొచ్చినవాళ్ళు అందులో తిన్నాకే బోర్లించాలి కదా, తిన్నది నేను, అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ సముద్రం మీద ఉండిపోయింది నేను, అమ్మా నాన్నా ఈ కంచం వెల్లకిలా పెట్టుకుని ఎదురుచూసింది నా కోసం.